తెలుగు టైపింగ్ ఎక్కడ తడబడుతోంది?

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉందంటే డిసెంబరంతా గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు చుట్టుపక్కల డీటీపీ సెంటర్లకు ఊపిరాడదు. రచయిత మూడో ప్రూఫులో కూడా వాక్యాలు మారుస్తుంటాడు. స్టాలు తెరిచే రోజుకల్లా కాపీలు చేతిలో ఉండాలంటాడు ప్రచురణకర్త. పీడీఎఫ్ ఇంకా రాలేదేమని ప్రెస్సు నుంచి ఫోన్లు. సరిగ్గా అప్పుడే మూడొందల పేజీల ఫైల్లో కొమ్ము కొడితే రెండు సెకన్లకు గాని తెరమీద కొమ్ము పడదు. లేదంటే తెరంతా పాలిపోయి, పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని వస్తుంది. దీనికి అందరికీ తెలిసిన వైద్యం ఒకటే: సిస్టమ్ ఫార్మాట్ కొట్టించడం.

ఫార్మాట్ కొట్టిస్తే ఒక్కోసారి నయమవుతుంది కూడా. ఏ జబ్బు నయమైందో తెలియదు గనుక కొన్నాళ్లకు తిరగబెడుతుంది. ‘స్లో అయింది’, ‘హ్యాంగ్ అయింది’, ‘దానంతటదే క్లోజైపోయింది’ అని తేల్చేసే ఈ బాధ వెనక, ఒకదానితో ఒకటి పొత్తులేని కారణాలు అరడజను దాకా ఉంటాయి. వాటిలో కొన్ని తెలుగు రాసేవాళ్లకే ప్రత్యేకం. ఇంగ్లిష్ రాసేవాళ్ల కోసం తయారైన సలహాలు ఇక్కడ సగమే పనిచేయడానికి కారణం అదే.

‘స్త్రీ’ అని కొట్టడమే చూడండి. చదివేవారికి ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యూటీఎఫ్-8లో దాచిన ఫైల్లో అది 18 బైట్లు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద ఆరు కీలు. కీ నొక్కిన ప్రతిసారీ అప్పటిదాకా గీసింది చెరిపి మళ్లీ గీయాలి. ‘స’ పడుతుంది, పొల్లుతో ‘స్’ అవుతుంది, ‘త’ రాగానే ఆ పొల్లు పోయి కింద తావత్తు చేరుతుంది, ‘ర’ వచ్చేసరికి రావత్తు తగులుతుంది, చివర్లో తలకట్టు ఊడి గుడిదీర్ఘం ఎక్కుతుంది. ఈ కూర్పు పని అప్లికేషన్ సొంతంగా చేయదు. దాని కింద మరో ఇంజిన్ ఉంటుంది. విండోస్‌లో మొదట యూనిస్క్రైబ్, తర్వాత డైరెక్ట్‌రైట్. ఆపిల్‌లో కోర్‌టెక్స్ట్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్‌లలో హార్ఫ్‌బజ్. లిబ్రేఆఫీస్ కూడా 2017లో వచ్చిన 5.3 నుంచి అన్నిచోట్లా హార్ఫ్‌బజ్‌నే నమ్ముకుంది. ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో ఆ ఇంజిన్‌కు చెప్పే పట్టికలు ఫాంటు లోపల ఉంటాయి.

ఇంత జరిగినా ఇవాళ్టి ప్రాసెసర్‌కు ఇది కంటిరెప్ప కొట్టేంత పని కూడా కాదు. మరి ఆ రెండు సెకన్లు ఎక్కడికి పోతున్నాయి?

తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. నోట్‌ప్యాడ్ తెరిచి, రోజూ వాడే కీబోర్డుతోనే నాలుగు తెలుగు వాక్యాలు కొట్టాలి. అక్కడా నత్తనడకే అయితే వర్డ్‌ను, ఇన్‌డిజైన్‌ను తిట్టుకుని లాభం లేదు. తప్పు కీబోర్డు సాఫ్ట్‌వేర్‌లోనో, మొత్తం సిస్టమ్‌లోనో ఉంది. ఇంగ్లిష్ చకచకా పడుతూ తెలుగు మాత్రమే ఆలస్యమైతే అనుమానం కీబోర్డు సాఫ్ట్‌వేర్ మీదికో ఫాంటు మీదికో పోవాలి. నోట్‌ప్యాడ్‌లో రెండూ సాఫీగా ఉండి వర్డ్‌లో మొరాయిస్తే, వర్డ్‌లోనే కొత్త ఖాళీ ఫైలు తెరిచి చూడాలి. ఖాళీ ఫైలు బాగుంటే జబ్బు పాత ఫైలుది. ఖాళీ ఫైలు కూడా నడవకపోతే వర్డ్‌ది. పదినిమిషాల్లో తేలిపోయే ఈ సంగతి తెలియక రెండు రోజులు ఫార్మాట్లలో, మళ్లీ అన్నీ ఎక్కించుకోవడంలో పోతుంటాయి.

కీబోర్డు సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెడదాం. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఫొనెటిక్ పద్ధతిలో ప్రతి మాటకూ సూచనల పెట్టె తెరుచుకుంటుంది. నిఘంటువులో వెతుకులాట, దగ్గరి మాటలను వరసలో పెట్టడం, ఆ పెట్టెను కర్సర్ పక్కకు తేవడం, ఇదంతా ఒక కీకీ మరో కీకీ మధ్య జరగాలి. మెమరీ చాలని సిస్టమ్‌లో ముందు తడబడేది ఇదే. అప్పుడు సూచనలు ఆపేసి చూడటమో, ఇన్‌స్క్రిప్ట్‌కు మారి చూడటమో చేస్తే దోషి వెంటనే దొరుకుతాడు. చాలామంది ఇప్పటికీ ఎక్కడెక్కడి పెన్‌డ్రైవ్‌ల నుంచో తెచ్చుకున్న పాత ఇన్‌పుట్ టూళ్లను కొత్త విండోస్‌లో ఎక్కిస్తున్నారు. ఆ అవసరం తీరి చాలాకాలమైంది. 2019 మే నాటి విండోస్ 10 అప్‌డేట్‌తోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లో భాగంగా వచ్చేసింది. తెలుగు ఉన్నట్టుండి పడటం మానేసి, భాష మార్చే గుర్తు కూడా కనబడకపోతే, వెనక నడవాల్సిన సీటీఎఫ్‌మాన్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆగిపోయి ఉండొచ్చు. దాన్ని మళ్లీ నడిపిస్తే చాలు.

అసలు చిక్కు గవర్నర్‌పేట లాంటి చోట్ల డీటీపీ ఇంకా రెండు కాళ్లను రెండు పడవల్లో పెట్టి నడవడంలో ఉంది. తెలుగు లిపి 1991లోనే యూనికోడ్ తొలి వెర్షన్‌లో చేరింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో సహా తెలుగును వెంటబెట్టుకొచ్చింది. పుస్తకాల పని మాత్రం ఆ దారిన నడవలేదు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో ‘అను’ ఫాంట్లు, వేళ్లకు అలవాటైన ‘ఆపిల్’ కీబోర్డు లేఅవుట్, ఇదే దశాబ్దాలపాటు అన్నం పెట్టిన జంట. ఈ పాత పద్ధతి ఫాంట్లలో కంప్యూటర్‌కు తెలుగనేది కనపడదు. ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల గళ్లలో తలకట్టులూ కొమ్ములూ ఒత్తులూ ముక్కలుగా కూర్చుని ఉంటాయి. ఫాంటు ఉన్నంతసేపూ తెలుగు. ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ గిలుకుడు. “గురువుగారూ, ఏ ఫాంటులో కొట్టించి పంపారు?” అనేది ఈ వీధుల్లో ఆపరేటర్ రచయితను అడిగే మొదటి ప్రశ్న కావడానికి కారణం అదే.

ఇలాంటి ఫైలును వర్డ్‌లో తెరిస్తే జరిగే తమాషా మరో రకం. వర్డ్ దృష్టిలో అది ఇంగ్లిష్, అదీ ఒక్క మాటా సరిగ్గా లేని ఇంగ్లిష్. ప్రతి మాట కిందా ఎర్రగీత గీయాలని చూస్తుంది. వంద పేజీలకు వంద పేజీలూ తప్పులే. చివరికి తప్పులు మరీ ఎక్కువైనందున ఇక చూపించలేనని ఓ సందేశం పెట్టి చేతులెత్తేస్తుంది. ఈలోపు కర్సర్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. అంతటితో పోతే మంచిదే. ఆటోకరెక్ట్ అనే మరో ఉపకారి ఉన్నాడు. వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దబడి చేస్తాడు, ఒంటరిగా ఉన్న చిన్న ‘ఐ’ని పెద్ద ‘ఐ’ చేస్తాడు, నిటారు కోట్లను వంకర కోట్లుగా మారుస్తాడు. ఇంగ్లిష్‌లో ఇవి సేవలు. పాత తెలుగు ఫాంటులో పెద్దబడి గడిలో ఉండేది వేరే ముక్క గనుక ఒక అక్షరం స్థానంలో మరో అక్షరం వచ్చి కూర్చుంటుంది. ప్రూఫు చూసే పెద్దాయన ఆపరేటర్‌ను కేకలేస్తాడు, కొట్టింది సరిగ్గానే కొట్టానని ఆపరేటర్ ఒట్టేస్తాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇలాంటి ఫైళ్లను తప్పనిసరై వర్డ్‌లో తెరవాల్సి వస్తే, మొత్తం ఎంపిక చేసి స్పెల్లింగ్ చూడవద్దని పెట్టి, ఆటోకరెక్ట్‌లో ఆ మూడు టిక్కులూ తీసేయడం మొదటి పని.

పేజ్‌మేకర్ సంగతి ఇంకా ముదురు. దాని చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దృష్టంతా ఇన్‌డిజైన్ మీదే. అంటే పాతికేళ్ల కిందటి సాఫ్ట్‌వేర్ ఇవాళ్టి విండోస్ మీద నడుస్తోంది. అది కూలిపోతోందని వింతపడటం కంటే ఇన్నాళ్లు నిలబడిందని వింతపడటం న్యాయం. దానికి ప్రింటర్‌తో విడదీయరాని బంధం ఉంది. పేజీ కొలతలూ అక్షరాల వెడల్పులూ ఎంచుకున్న ప్రింటర్‌ను అడిగి చూసుకుంటుంది. డీఫాల్టుగా పెట్టింది పక్క గదిలో స్విచ్చాఫ్ చేసిన నెట్‌వర్క్ ప్రింటర్ అయితే, జవాబు రాని ఆ ప్రింటర్ కోసం ఎదురుచూస్తూ ఫైలు తెరవడానికే నిమిషాలు పడుతుంది. వర్డ్‌కూ కొంతవరకు ఇదే అలవాటుంది. డీఫాల్టును సిస్టమ్‌లోనే ఉండే పీడీఎఫ్ ప్రింటర్‌కు మారిస్తే చాలా ‘హ్యాంగులు’ అక్కడికక్కడే మాయమవుతాయి. ఈ ఒక్క చిట్కా తెలిస్తే మిగిలే రిపేరు ఖర్చు తక్కువేం కాదు.

పేజ్‌మేకర్ మామూలు సేవ్‌లో వేగం కోసం పాత సరుకును ఫైల్లోనే ఉంచేసి కొత్తది చివర తగిలించే వీలుంది. అలా ఫైలు ఉబ్బుతూ పోతుంది. అప్పుడప్పుడు ‘సేవ్ యాజ్’ కొట్టి కొత్త పేరుతో దాస్తే చెత్త రాలిపోయి ఫైలు చిక్కుతుంది. రోజు తేదీ పేరులో పెట్టి దాచే ఆపరేటర్లు తెలిసో తెలియకో రెండు పనులు ఒకేసారి చేస్తున్నారు: ఫైలు సన్నబడుతోంది, నిన్నటి కాపీ కూడా చేతిలో ఉంటోంది.

పేజ్‌మేకర్‌ను వదలని డీటీపీవాళ్లను వెనకబడినవాళ్లని వెక్కిరించడం తేలిక. వాళ్ల లెక్క వేరు. పాత విండోస్ ఉన్న ఒక సిస్టమ్‌ను ఇంటర్నెట్‌కు దూరంగా, అప్‌డేట్లు రాకుండా పక్కన పెట్టుకుంటారు. దానిమీద ఏదీ మారదు కాబట్టి ఏదీ చెడదు. స్థిరత్వం కోసం ఇంతకంటే తెలివైన పని లేదు. చెల్లించే మూల్యం మరోచోట ఉంది. బయటినుంచి వచ్చే రచన ఇవాళ ఎక్కువగా యూనికోడ్‌లోనే, అదీ చాలావరకు వాట్సాప్‌లో వస్తోంది. ఫోన్‌లో టైపు చేసిన దాన్ని కన్వర్టర్‌లో వేసి పాత ఫాంటులోకి దించాలి. మళ్లీ ఈ-బుక్ కావాలంటే పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కు ఎత్తాలి. ఎత్తినప్పుడల్లా, దించినప్పుడల్లా కొన్ని ఒత్తులు స్థానం తప్పుతాయి, కంటికి కనబడని గుర్తులు కొన్ని మాటల మధ్య ఇరుక్కుంటాయి.

ఆ కనబడని గుర్తుల్లో ఒకటి ప్రపంచాన్నే ఓ వారం గడగడలాడించింది.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కూలుస్తోందని అంతర్జాతీయ పత్రికలన్నీ రాశాయి. మెసేజ్‌లో ‘జ్ఞా’ లాంటి అక్షరం వస్తే చాలు, ఆ యాప్ మూతపడేది, మళ్లీ తెరిస్తే మళ్లీ మూతపడేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే పదేపదే రీస్టార్ట్ అయ్యేది. మెసేజెస్, వాట్సాప్, జీమెయిల్ ఏదీ తప్పించుకోలేదు. తెలుగువాళ్లకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జ్ఞానం, విజ్ఞానం, యజ్ఞం అని రోజూ రాసుకునేవాళ్ల ఫోన్లు అప్పటిదాకా బాగానే పనిచేశాయి మరి. కిటుకు ఏమిటంటే, కూల్చింది మామూలు ‘జ్ఞా’ కాదు. జ, పొల్లు, ఞ తర్వాత దీర్ఘానికి ముందు జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కనబడని గుర్తు ఒకటి అందులో ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట్’ కింద వావత్తు పడకుండా అడ్డుకునేది ఆ గుర్తే. తెలుగులో అది నిత్యావసరం. కానీ హల్లుకూ దాని గుణింతానికీ మధ్య దాన్ని పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. ఎవరూ పెట్టరు గనుకే ఎవరూ పరీక్షించలేదు.

అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరేగావ్‌కర్ ఈ లోపాన్ని విడదీసి చూసి, ఇది ఒక్క జ్ఞాకే పరిమితం కాదని తేల్చారు. తెలుగులో దాదాపు ఏ సంయుక్తాక్షరంతోనైనా ఇదే జరుగుతుంది, దేవనాగరి, బెంగాలీ లిపుల్లోనూ కొన్ని కూర్పులు ఇలాగే కూలుస్తాయి. ఒత్తునూ గుణింతాన్నీ ఒకచోట చేర్చే దశలో కోర్‌టెక్స్ట్ తప్పటడుగు వేస్తోందన్నమాట. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో మందు పంపింది. లోపం తనదైనా పేరు మాత్రం తెలుగుకు వచ్చింది, ఇప్పటికీ దాన్ని ‘తెలుగు బగ్’ అనే అంటారు. 2015లో అరబిక్ అక్షరాలున్న ఒక సందేశం, 2020 ఏప్రిల్‌లో ఇటలీ జెండా బొమ్మతో కలిసిన సింధీ అక్షరాలు ఐఫోన్లను ఇలాగే పడగొట్టాయి. మూడుసార్లూ ఆపిల్ దొరికిపోయింది, అక్షరాలు ఒకదానితో ఒకటి కలిసిపోయే లిపుల దగ్గరే.

డీటీపీ బల్ల మీదికి వద్దాం. యూనికోడ్‌లో పుస్తకం పెట్టాలనుకునేవాళ్లకు ఇన్‌డిజైన్ 2012 నాటి సీఎస్6 నుంచి తెలుగు కూర్పును అధికారికంగా ఇస్తోంది. ‘వరల్డ్-రెడీ కంపోజర్’ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి, అది చూసి ఫాంటు పాడైందని బెంబేలెత్తిపోయేవాళ్లు ఉన్నారు. ఇక ఆలస్యం. ఇన్‌డిజైన్ పేరాగ్రాఫ్ కంపోజర్ ఒక్క లైను కాదు, మొత్తం పేరాను చూసుకుని ఎక్కడ విరిస్తే అందంగా ఉంటుందో లెక్కేస్తుంది. పేజీన్నర పేరాలు రాసే రచయిత చేతికి చిక్కితే ప్రతి కీకీ ఆ పేజీన్నరా మళ్లీ లెక్క. పైగా మూడొందల పేజీల టెక్స్టు ఫ్రేములు ఒకదానికొకటి గొలుసుకట్టి ఉంటే మూడో పేజీలో చేర్చిన మాట చివరి పేజీదాకా నెట్టుకుంటూ పోతుంది. దిద్దుబాట్ల వరకు వరల్డ్-రెడీ సింగిల్ లైన్ కంపోజర్‌కు మారడం, లేదా కంట్రోల్-వై కొట్టి స్టోరీ ఎడిటర్‌లో దిద్దడం మేలు. అక్కడ పేజీ గీయాల్సిన పని లేదు గనుక అక్షరం వేలివెంటే పడుతుంది. అధ్యాయానికో ఫైలు పెట్టి బుక్ ఫైలుతో కలపడం ఇంకా మేలు. ఒక ఫైలు తెరిచిన ప్రతిసారీ ఒకేచోట కూలుతుంటే, తెరుచుకున్నంతలో ఐడీఎంఎల్‌గా ఎగుమతి చేసి దాన్నే తిరిగి తెరిస్తే లోపలి చెత్త చాలావరకు పోతుంది.

వర్డ్‌కూ ఇలాంటి చికిత్స ఉంది. కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని వర్డ్‌ను తెరిస్తే సేఫ్ మోడ్‌లో తెరవాలా అని అడుగుతుంది. సేఫ్ మోడ్‌లో సాఫీగా నడిస్తే తప్పు యాడ్-ఇన్‌లదో, నార్మల్ టెంప్లేటుదో. ఫైలే చెడితే ‘ఓపెన్ అండ్ రిపేర్’ ఉంది. అదీ లొంగకపోతే పాతకాలపు చిట్కా ఒకటి: ఫైలు చివరి పేరా గుర్తు ఒక్కటి వదిలేసి, మిగతాదంతా కాపీ చేసి కొత్త ఫైల్లో వేయడం. వర్డ్ తన ఫార్మాటింగ్ సంగతులు ఆ చివరి గుర్తులో చాలా దాచుకుంటుంది, చెడిపోయేదీ తరచు అదే. ఆటో రికవర్ మామూలుగా పది నిమిషాలకోసారి దాస్తుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట దాన్ని రెండు మూడు నిమిషాలకు దించుకోవడమే తెలివి.

ఫాంట్ల పోగు సంగతి చెప్పకపోతే కథ సగమే. డీటీపీ సిస్టమ్‌లలో ఫాంట్లు వందల్లో పోగుపడతాయి. సీడీల నుంచి, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌ల నుంచి వచ్చినవి, ఒకే పేరుతో రెండు వేర్వేరు ఫాంట్లు, సగం కాపీ అయినవి. ప్రోగ్రామ్ తెరుచుకునేటప్పుడు వీటన్నింటినీ తడుముకుంటుంది. ఒక్క ఫాంటు చెడినా దాని పేరు మీదికి వెళ్లినప్పుడల్లా అప్లికేషన్ కూలొచ్చు. సగం తీసేసి చూడటం, బాగుంటే ఆ సగంలో మళ్లీ సగం వెనక్కి పెట్టడం, ఇలా ఎనిమిది తొమ్మిది విడతల్లో దోషిని పట్టుకోవచ్చు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఉన్నచోట యాంటీవైరస్ ఏదో ఒక పూట దాని ముక్కను పీకేస్తుంది, నిన్నటిదాకా నడిచింది ఇవాళ తెరుచుకోదు. ఆ కూలడానికి తెలుగుతో ఏ సంబంధమూ లేదు.

ఎండనూ లెక్కలో వేసుకోవాలి. మే నెలలో బెజవాడలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఏసీ లేని గదిలో, ఫ్యాన్ రెక్కలకు దుమ్ము పట్టిన సీపీయూ వేడెక్కితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పొద్దున బాగా నడిచి మధ్యాహ్నం మొరాయించే సిస్టమ్‌కు సాఫ్ట్‌వేర్ వెతుకులాట కంటే బ్లోయర్‌తో దుమ్ము ఊదించడం ముందు చేయాల్సిన పని. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే తేడా ఆ రోజే తెలుస్తుంది.

గూగుల్ డాక్స్‌లో రాసేవాళ్లకు క్రాష్ భయం తక్కువ, నిదానం ఎక్కువ. ఒక డాక్యుమెంట్‌కు 10 లక్షల 20 వేల క్యారెక్టర్ల పరిమితి ఉంది. వినడానికి ఎక్కువే. కానీ లెక్కలోకి వచ్చేవి యూనికోడ్ సంకేతాలు. ‘స్త్రీ’ ఒక్కటే ఆరు తింటుంది. పెద్ద తెలుగు నవల ఆ గీత దగ్గరికి అనుకున్నదానికంటే త్వరగా చేరుతుంది, బ్రౌజర్ అంతకు చాలాముందే ఆయాసపడుతుంది. ఇక్కడా అధ్యాయానికో ఫైలే దారి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత సిస్టమ్ పోయి కొత్తది కొనే రోజు చాలా సెంటర్లకు ముంగిట్లోనే ఉంది. అప్పుడు బయటపడేది టైపింగ్ నిదానం కాదు, పాత పుస్తకాల ఫైళ్లు తెరుచుకోకపోవడం. పేజ్‌మేకర్ ఫైలును తెరిచి మార్చుకునే వీలు ఇన్‌డిజైన్ సీఎస్6 వరకే ఉంది, తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లకు ఆ విద్య రాదు. సీఎస్6లో తెరిచినా లోపలి అక్షరాలు పాత ఫాంటు సంకేతాలుగానే ఉంటాయి. వాటిని యూనికోడ్‌కు మార్చి, మళ్లీ మొదటి ప్రూఫు నుంచి చదవాల్సిందే. పునర్ముద్రణ తప్పదనుకున్న పుస్తకాలను పాత సిస్టమ్ బతికి ఉండగానే ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్‌గా తీసి, ఆ ఫాంటు ఫైళ్లతో సహా మరో డిస్కులో దాచుకున్న ప్రచురణకర్తలు కనీసం ఉన్నదున్నట్టు అచ్చేసుకోగలుగుతారు. అందులో ఒక్క అచ్చుతప్పు దిద్దాలన్నా మాత్రం ఆ పేజీ మళ్లీ కొట్టించుకోవాలి.